మందు కొనేముందు బొరియలు లెక్కపెట్టండి

చేలో ఎలుకలు పడ్డాయని చెప్పేవారిని నేను మొదట అడిగే ప్రశ్న ఒకటే: ఎన్ని? చాలామంది నన్ను వింతగా చూస్తారు. వరి రసం పీల్చే సుడిదోమను దుబ్బు తట్టి మరీ లెక్కపెట్టే రైతు కూడా ఎలుకల దగ్గరకు వచ్చేసరికి "బోలెడు" అని ఊరుకుంటాడు. ఆ బోలెడుకు దుకాణంలో ఒక పొట్లం కొంటాడు, అది పని చేయలేదనిపిస్తే ఇంకో రకం పొట్లం కొంటాడు. ముందు ఎన్ని ఉన్నాయో తెలియనప్పుడు తరువాత తగ్గాయో లేదో చెప్పడం ఎవరి తరం?

నేను ఇంటర్మీడియట్ పిల్లలకు జంతుశాస్త్రం చెప్పి రిటైరయ్యాను. మా చేను కోనసీమలో, గోదావరి పాయలైన గౌతమికీ వైనతేయకూ నడుమ, కాలువ శివారున ఉంది. సేద్యం కౌలు రైతుది, ఎలుకల లెక్క మాత్రం నాది. పశ్చిమ గోదావరి జిల్లా మారుటేరులో 1925 నుంచి వరి పరిశోధన స్థానం ఉంది. స్వర్ణ అని మనం పిలుచుకునే ఎంటియు 7029 అక్కడిదే. వంగడాలతో పాటు ఎలుకల మీద కూడా అక్కడ ఏళ్ల తరబడి పని జరుగుతోందన్న సంగతి డెల్టాలోనే చాలామందికి పట్టదు. పొలంలో ఎలుకలను అంచనా వేయడానికి శాస్త్రవేత్తలు వాడే పద్ధతుల్లో ఖరీదైన పరికరాలు కావలసినవి తక్కువ. పార, తడి మట్టి, నోటుపుస్తకం, కొంచెం ఓపిక ఉంటే ఊళ్లో ఎవరైనా చేయగలిగిన పని ఇది.

బొరియ ఎవరిదో ముందు తేల్చుకోండి

గట్టు మీద కనబడిన ప్రతి కన్నమూ ఎలుకది కాదు. డెల్టా గట్లలో ఎలుకలతో పాటు పీతలూ కాపురం ఉంటాయి. పీత కన్నం నీటి మట్టానికి దగ్గరగా, గట్టు వాలులో ఉంటుంది. అంచున తడి మట్టి ఉండలు కనిపిస్తాయి. లోపలికి పుల్ల దూర్చి తీస్తే బురద అంటుకుని వస్తుంది. ఎలుక బొరియ గట్టు పై భాగంలో, పొడి నేలలో ఉంటుంది. దాని ముందు పోసిన మట్టి వదులుగా, పొడిపొడిగా ఉంటుంది. పీతలు కూడా లేత నారును కత్తిరిస్తాయి. ఈ తేడా తెలియకపోతే నాట్లు వేసిన కొత్తలో పీతల నేరానికి ఎలుకలకు శిక్ష పడుతుంది, డబ్బు మీకు పోతుంది.

ఎలుకల్లోనూ మన వరిచేలలో చూడవలసినవి ముఖ్యంగా మూడు రకాలు. ఎక్కువ నష్టం చేసేది చిన్న పందికొక్కు, శాస్త్రనామం బాండికోటా బెంగాలెన్సిస్. ఇళ్ల వెనక మురుగు దగ్గర తిరిగే పెద్ద పందికొక్కు వేరే జాతి. చిన్న పందికొక్కుది బలిసిన ఒళ్లు, మొద్దు మూతి, గుండ్రటి చెవులు; తోక ఒంటి పొడవు కంటే పొట్టి. బోనులో పడితే వెంట్రుకలు నిక్కబొడుచుకుని గుర్రుమంటుంది. రెండోది మెత్తటి బొచ్చు ఎలుక, మిల్లార్డియా మెల్టాడా. దాని పొట్ట తెల్లగా ఉంటుంది, చూడటానికి సాధువులా కనిపిస్తుంది. తడి తక్కువగా ఉండే చోట్లు, నేల పగుళ్లు దానికి ఇష్టం. మూడోది చిట్టెలుక, మస్ బూడుగా. దాని కన్నం చాలా చిన్నది కాబట్టి పొరపడే ప్రమాదం లేదు.

పందికొక్కు బొరియతో ఒక మెలిక ఉంది. లోపల ఉన్నప్పుడు అది ద్వారాన్ని మట్టితో మూసుకుంటుంది. అందువల్ల నోరు తెరుచుకుని ఉన్న బొరియ ఎప్పుడో ఖాళీ అయినది కావచ్చు. కన్నమే కనిపించని చోట తాజా మట్టి కుప్ప ఉంటే దాని కింద ఎలుక హాయిగా నిద్రపోతూ ఉండవచ్చు. నాతో గట్ల మీదకు వచ్చే పిల్లలకు, కన్నాలు చూడటం మాని ముందు మట్టి చూడమని చెబుతాను. తాజా మట్టి ముదురు రంగులో, వదులుగా ఉంటుంది. పాతది వానకు అణిగి, ఎండకు వెలిసి, మీద గడ్డి మొలిచి ఉంటుంది.

ఒక్క బొరియకే చాలా ద్వారాలు ఉంటాయి. అడుగు రెండడుగుల దూరంలో వరసగా మట్టి కుప్పలు కనిపిస్తే ఆ గుంపునంతా ఒకే బొరియగా రాసుకోండి. పిల్లలను పెంచే రోజులు తప్పిస్తే చిన్న పందికొక్కుది ఒంటరి కాపురం. కాబట్టి గుంపుకు ఒక పెద్ద ఎలుక అనుకుంటే లెక్క మరీ తప్పదు. కోతల ముందు ఆ బొరియను తవ్వితే కొరికి దాచిన కంకులు బయటపడతాయి. వాటిని ఏరుకుని వెళ్లేవాళ్లు మా చిన్నప్పుడు ప్రతి ఊళ్లోనూ ఉండేవారు.

సాయంత్రం మూసి పొద్దున చూడటం

మొత్తం పనికి ఇదే గుండెకాయ. శాస్త్రవేత్తలు దీన్ని సజీవ బొరియల లెక్క అంటారు. సాయంత్రం కన్నాలన్నీ మూసి, మర్నాడు వాటిలో ఎన్ని తెరుచుకున్నాయో చూడటమే.

ఎండ చల్లబడ్డాక బయలుదేరండి. ఇద్దరు ఉంటే మేలు, పార ఒకరికి, పుస్తకం ఒకరికి. కాళ్లకు రబ్బరు బూట్లు, చేతులకు తొడుగులు తప్పనిసరి. ఎలుకల మూత్రంతో కలుషితమైన నీరు, బురద ఒంటి మీది చిన్న గీరుకు తగిలినా లెప్టోస్పిరా అనే సూక్ష్మజీవి లోపలికి వెళ్లగలదు. మనం ఎలుక జ్వరం అనేది అదే. గట్ల పని చేసిన తరువాత కొద్ది రోజులకు జ్వరం, పిక్కల్లో విపరీతమైన నొప్పి, కళ్లు ఎర్రబడటం కనిపిస్తే ఆలస్యం చేయకుండా ఆస్పత్రికి వెళ్లి, ఎలుకలున్న చేలో పని చేశామని డాక్టరుకు ముందే చెప్పండి. ఆ ఒక్క మాట వల్ల ఆయన సరైన పరీక్ష వైపు త్వరగా వెళ్తాడు.

తిరగవలసిన గట్లకు ఒక వరస పెట్టుకోండి. మా వరస ఇలా ఉంటుంది: తూము దగ్గర మొదలుపెట్టి బోదె (చిన్న పంట కాలువ) గట్టు, తూర్పు సరిహద్దు గట్టు, లోపలి గట్లు, మురుగు నీరు పోయే కోడు గట్టు, పుంత (బండ్ల బాట) అంచు, చివరికి గడ్డిమేటు అడుగు. పక్కన చేపల చెరువు ఉంటే దాని గట్టును వదలకండి. వరిగట్టు సన్నగా, తడిగా ఉంటుంది. చెరువు గట్టు వెడల్పుగా, ఎత్తుగా, ఏడాది పొడవునా పొడిగా, గడ్డి పట్టి ఉంటుంది. ఎలుకకు ఇంతకంటే మంచి ఇల్లు ఎవరు కట్టిస్తారు? చేలో నీరు నిండినప్పుడు అక్కడికి చేరి, పైరు ఎదిగాక తిరిగి దిగుతుంది. ఎలుకలు వరి తింటాయి గాని చేపలను కాదు కదా అని చెరువు యజమాని పట్టించుకోడు. గట్టులో బొరియ గుండా నీరు కారడం మొదలయ్యాకే ఆయనకు మనమూ, మన లెక్కా గుర్తుకొస్తాం.

కనిపించిన ప్రతి కన్నాన్నీ, తాజా మట్టి మూతనూ తడి మట్టితో గట్టిగా అదిమి మూయండి. పైపైన కాలితో తొక్కితే రాత్రి దానంతట అదే కుంగి, తెరిచినట్టు కనిపిస్తుంది. మూసిన చోట వెదురు పుల్ల గుచ్చి రంగు గుడ్డ పీలిక కట్టండి. పుస్తకంలో గట్టు పేరు, ఆ గట్టున మూసిన గుంపుల సంఖ్య రాయండి. చేతిని మాత్రం లోపల పెట్టకండి. ఖాళీ బొరియలో నాగుపాము ఉండవచ్చు, జెర్రిపోతు ఉండవచ్చు. జెర్రిపోతు విషం లేనిది, ఎలుకలు దానికి ఇష్టమైన తిండి. దాన్ని కర్రతో కొట్టి చంపి, ఆ తరువాత ఎలుకల మందు కొనడానికి వెళ్లేవాళ్లను చూస్తే నాకు ఏం చెప్పాలో తోచదు.

మర్నాడు కూలీలు చేలోకి దిగకముందే వెళ్లండి. నోరు తెరుచుకున్నవి, మీరు వేసిన మూత మీదకు లోపలి నుంచి కొత్త మట్టి తోసినవి, రెండూ సజీవ బొరియలే. తడి ఉండలతో తెరుచుకుంటే అది పీత, కొట్టేయండి. రాత్రి వాన పడితే ఆ లెక్క చెల్లదు. తెరపి ఇచ్చాక మళ్లీ మూయాలి. తెరుచుకున్న గుంపుల మొత్తాన్ని ఎకరాలతో భాగించండి. ఆరెకరాలకు 42 వస్తే ఎకరాకు 7. సరిహద్దు గట్టును ఎవరి ఖాతాలో వేయాలన్న తగువు ప్రతి ఊళ్లోనూ వస్తుంది. ఏదో ఒకటి తేల్చుకుని అదే పద్ధతిలో ఉండండి.

ఎకరాకు ఎన్ని ఉంటే మందు పెట్టాలని అడుగుతారు. నేను ఆ అంకెను ఒంటరిగా చూడను, పైరు వయసుతో కలిపి చూస్తాను. నాట్లు వేసిన మూడో వారంలో ఎకరాకు నాలుగు కనిపిస్తే ఊరుకోను. చిన్న పందికొక్కు గర్భం మూడు వారాలు దాటి కొద్ది రోజులు. ఈతకు సాధారణంగా ఆరు నుంచి ఎనిమిది పిల్లలు. పైరు పొట్టకు వచ్చాక, అంటే కాడ లోపల కంకి తయారయ్యే వేళకు, తిండి పుష్కలమై ఈతలు జోరందుకుంటాయి. ఆ నాలుగూ అప్పుడు నాలుగుగా ఉండవు. అదే నాలుగు బొరియలు కోతకు వారం ముందు కనిపిస్తే పుస్తకంలో రాసుకుని వదిలేస్తాను. అప్పుడు మందు పెట్టినా గింజ మిగలదు.

తెగిన పిలకల లెక్క

గట్టు మీద నిలబడి చేను బాగుందని చెప్పకండి. ఎలుకలు కొరకడం ఎక్కువగా చేను లోపల, గుంపులు గుంపులుగా మొదలవుతుంది; అంచు పచ్చగా నిండుగా ఉంటుంది. లోపలికి దిగి ఒక మూల నుంచి ఎదుటి మూలకు నడవాలి. దారిలో ఐదు చోట్ల ఆగండి. ఎక్కడ ఆగాలో ముందే అడుగుల లెక్కతో నిర్ణయించుకోండి, లేకపోతే కళ్లు దెబ్బతిన్న చోటికే లాగుతాయి. ఒక్కో చోట వరసగా 20 దుబ్బులు చూసి మొత్తం పిలకలు, అంటే దుబ్బు మొదలు నుంచి లేచిన కాడలు, ఎన్ని, తెగినవెన్ని రాయండి. వంద దుబ్బుల్లో 1,200 పిలకలు ఉండి 36 తెగితే నష్టం 3 శాతం.

ఎలుక కోత ఏటవాలుగా, కొడవలితో కోసినట్టు ఉంటుంది. నీటికి కొంచెం పైన కాండాన్ని కొరికి పడేస్తుంది. ముక్కలు అక్కడే పడి ఉంటాయి. కాండం తొలిచే పురుగు దెబ్బ ఇందుకు వేరు. పిలక దశలో మొవ్వు ఎండుతుంది, ఈనిక తరువాత కంకి తెల్లగా తాలుపోయి నిలబడుతుంది. పట్టి లాగితే సులువుగా ఊడి వస్తుంది. తెల్లకంకి చూసి ఎలుకల మందు పెట్టడం, తెగిన పిలక చూసి పురుగుమందు గుళికలు చల్లడం, రెండూ డెల్టాలో జరుగుతూనే ఉన్నాయి.

ఒకే శాతం అన్ని దశల్లోనూ ఒకే నష్టం కాదు. పిలకలు పెట్టే దశలో తెగితే దుబ్బు మళ్లీ పిలకలు వేసి కొంత పూడ్చుకుంటుంది. పొట్ట దశ దాటాక తెగిన పిలక పోయినట్టే. అందుకని శాతం పక్కన నాటిన తేదీ, వంగడం తప్పక రాయండి.

బుట్టలవాళ్ల దగ్గర నేర్చుకోవలసింది

మా వైపు ఎలుక బుట్టలు పెట్టేవాళ్లు ఇంకా ఉన్నారు. వెదురు బద్దలు, తాటాకు, వింటినారిలా బిగించే తాడు. లోపల ఎరకు గింజలు. సాయంత్రం పెట్టి పొద్దున్నే తీస్తారు, ఎలుకకు ఇంత అని తోకలు లెక్కపెట్టి డబ్బు తీసుకుంటారు. ఆ తోకల కట్టను చూసి రైతు డబ్బిచ్చి పంపేస్తాడు. నాకు అది చేతికందిన సమాచారాన్ని పారేసినట్టు అనిపిస్తుంది.

మా ఊరికి వచ్చే పెద్దాయనతో ఒక ఒప్పందం చేసుకున్నాను. ఏ గట్టున పడిన ఎలుక ఆ గట్టు సంచిలో వేయాలి. ఆయన మొదట నవ్వి, "టీచర్ గారూ, చచ్చిన ఎలుకకు ఏ గట్టుదైతే ఏముంది?" అన్నాడు. "మనకు ఉంది బాబాయ్, వచ్చేసారి బుట్టలు ఎక్కడ ఎక్కువ పెట్టాలో తెలుస్తుంది" అన్నాను. ఇప్పుడు నేను అడగకముందే కోడు గట్టు సంచి బరువుగా ఉందో తేలికగా ఉందో చెబుతాడు.

బుట్టల లెక్క ఇలా వేయాలి. బుట్టల సంఖ్యను రాత్రుల సంఖ్యతో గుణించండి: 40 బుట్టలు 3 రాత్రులు పెడితే 120 బుట్ట రాత్రులు. 18 ఎలుకలు పడితే నూటికి 15. ఇలా రాస్తేనే ఈ ఏడాది 40 బుట్టలనూ, పోయినేడు 25 బుట్టలనూ పోల్చగలరు. పడినవి ఏ జాతివి, ఆడవెన్ని, వాటిలో చూలువెన్ని అన్నది కూడా రాయించండి. బుట్టలవాళ్లకు పొట్ట తడిమితే తెలుస్తుంది. చూలు ఎలుకలు ఎక్కువగా కనిపించడం మొదలైన వారం, మీ ఊళ్లో పైరు ఏ దశలో ఉందో చూడండి. రెండు మూడు పంటల పాటు రాస్తే ఆ వారానికి ముందే పని ముగించాలని మీకు మీరే తేల్చుకుంటారు.

గుడ్లగూబ వదిలిన ఉండలు

తెల్లటి గుండె ఆకారపు ముఖం ఉన్న గుడ్లగూబను మన దగ్గర చావుపిట్ట అని తరిమేస్తారు. పాత గుడి గోపురాల్లో, మూతపడిన రైసు మిల్లుల్లో, బోలు చెట్ల తొర్రల్లో అది పిల్లలను పెడుతుంది. ఎలుకను దాదాపు ఎప్పుడూ పూర్తిగా మింగుతుంది. అరగని ఎముకలు, వెంట్రుకలు ఉండగా చుట్టుకుని తరువాత నోటి గుండా బయటకు వస్తాయి. జంతుశాస్త్రం నేర్చుకునే పిల్లవాడికి ఇంతకంటే చవకైన ప్రయోగశాల దొరకదు.

అది వాలే చోటు కింద నల్లగా, బొటనవేలంత పొడవున, ఎండిన ఉండలు పడి ఉంటాయి. తొడుగులు వేసుకుని ఏరి, ఒక్కోదాన్ని ఒక్కో కాగితంలో చుట్టి తేదీ రాయండి. గోరువెచ్చటి నీళ్లలో నానబెడితే వెంట్రుకలు విడిపోతాయి. పట్టకారుతో పుర్రెలు, కింది దవడలు వేరు చేయండి. ఎడమ దవడలు ఒకవైపు, కుడి దవడలు ఒకవైపు పెడితే, ఏ వైపు ఎక్కువ ఉంటే అన్ని జంతువులు తిన్నట్టు. ఎలుక దవడలో ముందు పళ్లకూ నమలే పళ్లకూ మధ్య ఖాళీ ఉంటుంది. ఆ ఖాళీ లేకుండా వరసగా మొనదేలిన పళ్లుంటే అది చుంచు. చుంచు ఎలుక జాతి కాదు, పురుగులను తినేది. దాన్ని రైతు నష్టాల ఖాతాలో వేయకండి.

చేలో పక్షులు వాలడానికి టి ఆకారపు కర్రలు పాతమని వ్యవసాయ శాఖ ఎప్పటినుంచో చెబుతోంది. పైరు కంటే ఎత్తుగా, గట్టుకు దూరంగా పాతండి. పగలు పురుగులు తినే పిట్టలు వాలుతాయి, రాత్రి గుడ్లగూబలు. గింజ పాలు పోసుకునే వేళకు తీసేయండి, లేకపోతే గింజ తినే పిట్టలు అవే కర్రల మీద కూర్చుంటాయి.

పోల్చడానికి రెండో చేను

కర్రలు పాతిన తరువాత ఎలుకలు తగ్గాయని ఒకరు, ఫలానా మందు వాడాక తగ్గాయని ఇంకొకరు చెబుతారు. ఆ నెలలో ఎక్కడైనా తగ్గి ఉండవచ్చు కదా? చేలో నీరు నిలబడితే తగ్గుతాయి. గోదావరి వరద లంకలను ముంచితే అక్కడి ఎలుకలు ఏటిగట్టు మీదకు ఎక్కుతాయి. నీరు తీశాక మళ్లీ చెదిరిపోతాయి. ఎవరి గొప్ప ఎంతో తేల్చాలంటే ఏమీ చేయని చేను ఒకటి పక్కన పెట్టి, రెండింటినీ ముందూ తరువాతా ఒకే విధంగా లెక్కించాలి.

ఇక్కడ ఎక్కువమంది పప్పులో కాలేస్తారు. ఎకరంలో కర్రలు పాతి, పక్క ఎకరంతో పోల్చుతారు. చదరంగా ఉన్న ఎకరానికి ఒక పక్క సుమారు 64 మీటర్లు. ఎలుకకు ఒక్క రాత్రిలో అది పెద్ద దూరం కాదు. ఇటు తరిమితే అటు వెళ్లి మీ పోలికను చెడగొడుతుంది. పదిహేను ఇరవై ఎకరాల ముక్కలు కావాలి, వాటి మధ్య కాలువో రోడ్డో అడ్డు ఉండాలి, రెండింటిలోనూ వంగడం, నాట్ల వేళ దగ్గరదగ్గరగా ఉండాలి. ఏ ముక్కలో కర్రలు పాతాలో చీటీ తీసి నిర్ణయించండి. మంచి చేను యజమాని ముందుకు వచ్చాడని ఆయనకే ఇస్తే ఫలితం ముందే వంకరపోతుంది. రెండు ముక్కల్లోనూ బొరియలు మూసేది అదే ఇద్దరు మనుషులై ఉండాలి. ఒకరి కంటికి ఆనిన మట్టి ఇంకొకరి కంటికి ఆనదు.

రైతులను ఒప్పించడం కష్టం. ఏమీ చేయకుండా ఉండమంటే ఎవరు ఉంటారు? మా ఊళ్లో పోలిక ముక్క రైతులకు మరుసటి పంటలో కర్రల పంపకం ముందు వాళ్లకే అని మాటిచ్చాను. లెక్కలు రాశాక పుస్తకం నకలు ఒకటి రైతు సేవా కేంద్రానికి, ఒకటి దగ్గరలోని కృషి విజ్ఞాన కేంద్రానికి ఇవ్వండి. పశ్చిమ గోదావరి జిల్లాలో ఆ కేంద్రం ఉండి అనే ఊళ్లో ఉంది. అంకెలతో వెళ్లిన రైతుతో శాస్త్రవేత్త మాట్లాడే తీరే వేరు. కొబ్బరి, కోకో తోటల్లో చెట్లెక్కే ఎలుకల సంగతికి అంబాజీపేట ఉద్యాన పరిశోధన స్థానం వాళ్లను అడగండి. కొబ్బరి మట్టలు ఒకదానికొకటి తగలని తోటలో రెండు మీటర్ల ఎత్తున మానుకు రేకు చుట్టడం పాత ఉపాయమే, ఇప్పటికీ పని చేస్తుంది.

మందు పెట్టవలసి వస్తే

ఒక్కరే పెట్టకండి. మీ చేలో ఖాళీ అయిన బొరియలోకి పక్క చేను ఎలుక వచ్చి చేరుతుంది. ఆయకట్టు మొత్తం ఒకే రెండు మూడు రోజుల్లో పెట్టాలి. సామూహికంగా పెట్టే కార్యక్రమాలు ప్రభుత్వం నడుపుతుంది కాబట్టి ముందుగా రైతు సేవా కేంద్రంలో అడగండి.

ఎర బ్రోమాడయోలోన్ అనే ఎలుకల మందుతో అయితే కొలత ఇది: నూకలు 96 పాళ్లు, నూనె 2 పాళ్లు, 0.25 శాతం మందు పొడి 2 పాళ్లు. అంటే కిలోకు 960 గ్రాముల నూకలు, 20 గ్రాముల నూనె, 20 గ్రాముల మందు. తొడుగులు వేసుకుని, వంటకు వాడని పాత్రలో కర్రతో కలపండి. 15 గ్రాముల చొప్పున కాగితపు పొట్లాలు కట్టి, పొద్దున సజీవమని తేలిన బొరియల్లో మాత్రమే లోతుగా వేసి మూయండి. కిలో ఎర అరవై పైచిలుకు బొరియలకు వస్తుంది. లెక్క ముందే ఉంటే ఎంత కలపాలో కూడా ముందే తెలుస్తుంది. ఇది రక్తం గడ్డకట్టకుండా చేసే మందు కనుక ఎలుక చావడానికి కొన్ని రోజులు పడుతుంది. మర్నాడే చచ్చిన ఎలుకలు కనిపించలేదని రెండోసారి పెట్టకండి. రోజూ గట్లు తిరిగి చచ్చినవాటిని లోతుగా పాతిపెట్టండి. అలాంటి ఎలుకను తిన్న గుడ్లగూబకూ ముప్పే. కర్రలు పాతి గుడ్లగూబలను పిలిచిన చేలో ఎడాపెడా మందు చల్లడం తెలివైన పని కాదు. పొరపాటున మనిషి మింగితే ప్యాకెట్టుతో సహా ఆస్పత్రికి తీసుకెళ్లండి. దీనికి విరుగుడు విటమిన్ కె1.

జింకు ఫాస్ఫైడు అనే ఇంకో ఎలుకల మందు సంగతి వేరు. దానికి విరుగుడు లేదు. ముందు రెండు మూడు రోజులు మందు లేని ఎర అలవాటు చేయకపోతే, కొంచెం రుచి చూసి జబ్బుపడి బతికిన ఎలుక మళ్లీ ఆ ఎర వైపు రాదు. వ్యవసాయాధికారి దగ్గరుండి చేయిస్తే తప్ప ఇంట్లో కలపవద్దని నా మాట. చేను చుట్టూ తీగ కట్టి కరెంటు పెట్టేవాళ్లకు ఒకటే చెబుతాను: అది నేరం, పైగా తెల్లవారుజామున నీళ్లు కట్టడానికి వచ్చే మనిషికి ఆ తీగ కనిపించదు.

వేసవి పని

ఎలుకలను తగ్గించడంలో మందు కంటే ఎక్కువ పని చేసేవి రెండు, రెండూ ఊరంతా కలిస్తేనే అవుతాయి. ఒకటి నాట్లు దగ్గరదగ్గరగా వేయడం. కాలువ మొదట్లో ముందు, శివారున ఆలస్యంగా నాటే చోట పొట్ట దశ వారాల తరబడి సాగుతుంది. దానికి తోడు స్వర్ణ లాంటి 150 రోజుల రకం పక్కన 120 రోజుల రకం ఉంటే ఎలుకకు ఒక చేను అయిపోగానే ఇంకో చేను సిద్ధం. ఆయకట్టులో నాట్లన్నీ రెండు వారాల లోపల ముగిస్తే వాటికి బలమైన తిండి దొరికే కాలం కుదించుకుపోతుంది. శివారు రైతుగా ఈ మాట చెప్పడం ఎంత తేలికో, నీళ్లు రాబట్టడం ఎంత కష్టమో నాకు తెలుసు. అయినా నీటి సంఘం సమావేశంలో బొరియల పుస్తకం బల్ల మీద పెట్టి, మొదటి చేలకూ శివారు చేలకూ తేడా చూపించి అడిగితే, ఉత్త నోటితో అడిగిన దానికంటే కొంచెం గట్టిగా వినిపిస్తుంది.

రెండోది గట్లు. దాళ్వా (రెండో పంట) కోతలయ్యాక కాలువలు కట్టేసిన వారాల్లో గట్లు చెక్కండి. పందికొక్కు గూడు కట్టాలంటే లోతు కావాలి. వరిగట్టు వెడల్పు, ఎత్తు 30 సెంటీమీటర్లకు మించకపోతే దానికి చోటు చాలదు. బోదెల్లో, కోడు గట్ల మీద గడ్డి కోయండి. గడ్డిమేటును నేల మీద వేయకుండా వెదురు పందిరి మీద వేస్తే అడుగున బొరియలు పెట్టవు. చెక్కిన గట్లన్నీ పుస్తకంలో గుర్తు పెట్టుకోండి. సార్వా (తొలి పంట) నాట్లయిన మూడో వారంలో మళ్లీ తూము దగ్గర నుంచి అదే వరసలో లెక్క మొదలుపెట్టి, చెక్కిన గట్ల అంకెలు ఒక వరసలో, చెక్కనివి ఇంకో వరసలో రాయండి.